పట్టకుండా లెక్కపెట్టడం: ఎలుక జాతి జాడల ప్రాజెక్టు డైరీ

మొదటి విడత: ఏం కావాలి, ఏం వద్దు

ఒక ఆవరణలో ఎలుక జాతి జంతువులు (రోడెంట్లు: ఎలుకలు, చిట్టెలుకలు, ఉడుతలు వంటివి) ఏవేవి తిరుగుతున్నాయి, ఏ వేళలో బయటికొస్తున్నాయి, ఋతువు మారితే వాటి సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా? ఈ మూడూ ఒక్క జంతువునూ పట్టకుండా, చంపకుండా తేల్చాలి. అందుకు ఎంచుకున్నవి: పాదముద్రలకు ట్రాకింగ్ టన్నెళ్లు (లోపల ఇంకు పట్టీ ఉన్న కార్డు పరిచిన చిన్న సొరంగాలు), పంటిగాట్లకు మైనం దిమ్మెలు, కదలికలకు కెమెరా పెట్టె, పుర్రెలకు గుడ్లగూబ కక్కిన ఉండలు. మన చెవికి అందని కూతల (అల్ట్రాసౌండ్) రికార్డింగ్ చివర్లో చేరింది, అది ఇంకా నడుస్తోంది.

ప్రాణంతో పట్టే బోన్లను కావాలనే పక్కన పెట్టాం. అసలు సంఖ్య కావాలంటే మాత్రం వాటికి సాటి లేదు. మొదటిసారి 30 జంతువులకు గుర్తుపెట్టి వదిలి, రెండోసారి 25 పడితే, అందులో గుర్తున్నవి 10 ఉంటే, ఇలాంటి అంచనాకు వాడే చాప్‌మన్ సూత్రం ప్రకారం (31 × 26 ÷ 11) − 1, అంటే సుమారు 72 జంతువులు ఉన్నట్టు. అయితే బోనులో పొడి గడ్డి, తిండి, తడి ఉన్న పండుముక్క ఉండాలి, తెల్లవారకముందే తెరిచి చూడాలి. ఇందులో ఏది తప్పినా లోపలిది చలికో ఆకలికో పోతుంది. చుంచెలుక పడితే కొన్ని గంటల ఆకలికే ప్రాణం విడుస్తుంది. మాకు కావాల్సింది కచ్చితమైన సంఖ్య కాదు, హెచ్చుతగ్గుల పోకడ. దానికి జాడలు సరిపోతాయి.

రెండో విడత: పరికరం కన్నా ముందు జంతువు

ఎలుక జాతి అనే ఈ పెద్ద వర్గంలో 2,500కు పైగా జాతులున్నాయి. క్షీరదాల్లో దాదాపు నూటికి 40 వంతులు ఇవే. మూడు నాలుగు గ్రాముల మరుగుజ్జు జెర్బోవా (గెంతుతూ పోయే ఎడారి ఎలుక) నుంచి 50 కిలోలు దాటే కాపిబారా దాకా అన్నిటికీ ఉమ్మడి గుర్తు ఒకటే: పై దవడలో ఒక జత, కింది దవడలో ఒక జత కొరుకుడు పళ్లు. అవి బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎలుకలో వారానికి సుమారు 2 నుంచి 3 మి.మీ. పెరుగుతాయి. గట్టి ఎనామిల్ ముందు వైపునే ఉంటుంది. వెనకనున్న డెంటిన్ మెత్తనిది, తొందరగా అరుగుతుంది. అందుకే కొరికేకొద్దీ పన్ను ఉలి అంచులా పదునెక్కుతుంది. కోరపళ్లు ఉండవు, కొరుకుడు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది.

కింది దవడను ముందుకు జరిపితే కొరుకుడు పళ్లు కలుస్తాయి, దవడ పళ్లు కలవవు. వెనక్కి లాగితే దవడ పళ్లు కలుస్తాయి, కొరుకుడు పళ్లు కలవవు. కొరకడం, నమలడం ఒకేసారి జరగవు. పైగా కొరికేటప్పుడు పెదవుల లోపలి వెంట్రుకల మడత పళ్ల వెనక మూసుకుంటుంది, పొట్టు గొంతులోకి పోదు. కాబట్టి కొరికిన గుర్తు కనబడితే తిన్నట్టు కాదు. మైనం దిమ్మెల ఫలితాలు చూసే ప్రతివారూ ఈ తేడా పట్టుకోవాలి.

ఇంత పెద్ద కుటుంబంలో మినహాయింపులూ గొప్పగానే ఉంటాయి. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో దొరికిన పౌసిడెంటోమిస్ వెర్మిడాక్స్ అనే ఎలుకను 2012లో వర్ణించారు. దానికి దవడ పళ్లే లేవు, వానపాములు తిని బతుకుతుంది.

టన్నెల్‌కు పనికొచ్చేవి ఇంకో మూడు లక్షణాలు. ఒకటి, ఎలుక నడిమైదానంలో నడవదు. మీసాలను సెకనుకు 5 నుంచి 15 సార్లు ఆడిస్తూ గోడ వెంటే పోతుంది. ఇరుకు దారి దానికి భయం కాదు, భరోసా. రెండు, పెద్ద ఎలుకలకు కొత్త వస్తువంటే అనుమానం. తెలిసిన దారిలో కొత్తగా ఏదైనా కనబడితే రోజుల తరబడి పక్కనుంచి పోతాయి. ఇంటి చిట్టెలుక దీనికి పూర్తిగా వేరు, కొత్తదాన్ని వెంటనే వాసన చూస్తుంది. మూడు, ఎలుక వాంతి చేసుకోలేదు. పొరపాటున మింగిన విషాన్ని కక్కే దారి లేదు గనక కొత్త తిండిని మొదట ఒక కొసరు రుచి చూసి ఆగుతుంది. ఎర కొంచెమే తిన్నంత మాత్రాన అది నచ్చలేదని రాసుకోకూడదు.

మూడో విడత: టన్నెళ్లు

కొలతలు ఖరారు చేశాం: పొడవు 50 సెం.మీ., వెడల్పు 10, ఎత్తు 10. సన్‌ప్యాక్ అని పిలిచే ముడతల ప్లాస్టిక్ షీటు, 4 మి.మీ. మందం. ఒక్కో టన్నెల్‌కు 50 × 42 సెం.మీ. ముక్క. నాలుగు పక్కలకు 40, అతుక్కి 2.

షీటు లోపలి గాళ్లు 50 సెం.మీ. వైపుగా పోయేలా కోయాలి. అప్పుడు మడత గీత గాడి వెంటే పడుతుంది, పై పొరను మాత్రమే కత్తితో చీలిస్తే తిన్నగా మడతపడుతుంది. గాళ్లకు అడ్డంగా మడిస్తే షీటు నలిగి, మూలలు ఉబ్బి, లోపల కార్డు పడుకోదు. కార్డు లేచిన చోట జంతువు అంచు కింద దూరి పోతుంది, ముద్ర రాదు. అతుకు వైపు కిందికి రావాలి, లేకపోతే వాన నీరు లోపలికి దిగుతుంది. రెండు చివరలా తీగతో చేసిన కొక్కేన్ని నేలలోకి గుచ్చాలి. కదిలే టన్నెల్‌లోకి పెద్ద ఎలుక అడుగుపెట్టదు.

కార్డు: మెరుపు లేని 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల) అట్ట, 50 × 9.5 సెం.మీ. మధ్య 12 సెం.మీ. ఇంకు పట్టీ, అటూ ఇటూ 19 సెం.మీ. తెల్ల భాగం. ఇంకు నూనెతో చేసేది కాబట్టి అట్టలోకి పాకుతుంది. ఆపడానికి ముందుగా మధ్యలో 16 సెం.మీ. వెడల్పున ప్యాకింగ్ టేపు అంటించి, దాని మీద 12 సెం.మీ. మేరకే ఇంకు పూయాలి.

ఇంకు: మెత్తని కార్బన్ పొడి ఒక పాలు, లిక్విడ్ పారఫిన్ రెండు పాళ్లు, కొలగిన్నెతో. బ్రష్‌తో ఒక గీత గీసి కార్డును నిలువుగా నిమిషంసేపు పట్టుకోవాలి. గీత కారితే పొడి చేర్చాలి, బ్రష్ ఈడ్చుకుపోతుంటే నూనె చేర్చాలి. దంచిన బొగ్గుపొడి పనికిరాదు, గరుకు రేణువుల వల్ల మెత్తల గీతలు పడవు. ప్రింటర్ టోనర్ అసలే వద్దు, అది ప్లాస్టిక్ పొడి, జంతువు పాదాలు నాక్కుంటుంది. పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. నీళ్ల ఇంకులు ఒక్క పొడి గాలికే ఎండిపోతాయి, అందుకే వాటి జోలికి పోలేదు.

ఎర: అర టీస్పూన్ వేరుశనగ ముద్ద, ఇంకు పట్టీ నడిమధ్యన చిన్న మూతలో. నేరుగా కార్డు మీద పెడితే నూనె పాకి ముద్రల్ని చెరిపేస్తుంది. చీమలు దీనికి పెద్ద శత్రువులు. సాయంత్రమే వచ్చి ఎర ఖాళీ చేస్తాయి, రాత్రికి ఎలుకకు లోపలికి రావడానికి కారణమే ఉండదు. వీలైనంత ఆలస్యంగా, పొద్దువాలాక ఎర పెట్టడమే విరుగుడు. నత్తలు కార్డునే కొరికి తింటాయి, వాటి జిగురు చార ముద్రల మీదుగా పోతే ఆ కార్డును "చదవలేనిది" అని విడిగా రాయాలి. దాన్ని "జంతువు రాలేదు" లెక్కలో కలిపితే ఫలితం కిందికి జారుతుంది.

అమరిక: ఒక వరుసకు 10 టన్నెళ్లు, మధ్య దూరం 50 మీటర్లు. దగ్గరగా పెడితే ఒకే ఎలుక రాత్రంతా మూడు నాలుగు టన్నెళ్లు తిరిగి ముద్ర వేస్తుంది. లెక్కకు కనీసం మూడు వారాల ముందు, ఎర లేకుండా ఖాళీ టన్నెళ్లను అక్కడ వదిలేయాలి. ఇంత నిరీక్షణ ఆ కొత్తదనపు అనుమానం తీరడానికే. ఇది తొందరపడి తగ్గిస్తే చిట్టెలుకలు ఎక్కువగా, పెద్ద ఎలుకలు తక్కువగా కనబడతాయి. లెక్క ఒకే ఒక్క రాత్రి, వాన లేని రాత్రి.

నాలుగో విడత: ముద్రలు చదవడం

ముందు వేళ్లు లెక్కపెట్టాలి, సైజు తర్వాత. ఎలుక, చిట్టెలుక, ఉడుత ముద్రలో ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనక పాదానికి ఐదు. ముందు పాదపు బొటనవేలు మొండి గుబ్బగా మిగిలింది, ముద్రలో పడదు. చుంచెలుక పేరులో ఎలుక ఉన్నా ఈ జాతిది కాదు, దానికి నాలుగు పాదాలకూ ఐదేసి వేళ్లే. గినీ పందికి ముందు నాలుగు, వెనక మూడు.

కార్డును ఏటవాలు వెలుతురులో, పది రెట్ల భూతద్దంతో చూడాలి. ముందు పాదంలో మధ్య రెండు వేళ్లు ముందుకు, పక్క రెండు దాదాపు అడ్డంగా చాచుకుని ఉంటాయి. వాటి వెనక ఐదు మెత్తలు: మూడు పైన, రెండు మడమ వైపు. వెనక పాదంలో మూడు నడిమి వేళ్లు కలిసి ముందుకు, చివరి రెండు పక్కలకు, మెత్తలు ఆరు. చిట్టెలుక వెనక పాదం రెండు సెం.మీ. లోపే, పెద్ద ఎలుకది మూడు నుంచి నాలుగున్నర.

నల్ల ఎలుకనూ గోధుమ ఎలుకనూ ముద్రలో విడదీయడం కష్టం. పిల్ల గోధుమ ఎలుకది, ఎదిగిన నల్ల ఎలుకది పాదం ఒకే కొలతకు వస్తుంది. కానీ ఇంకు పలచగా అంటిన ముద్రలో మెత్తల మీద సన్నని అడ్డగీతలు కనిపిస్తే అది ఎక్కడానికి పుట్టిన నల్ల ఎలుక. నున్నగా ఉంటే గోధుమ ఎలుక. ఈ గీతలు ఇంకు పట్టీ పక్కనే పడ్డ మొదటి ముద్రలో ఎప్పుడూ దొరకవు, అక్కడ ఇంకు ముద్దగా ఉంటుంది. మూడో నాలుగో అడుగు చూడాలి, అందుకే తెల్ల భాగం 19 సెం.మీ. ఉంచాం. గీతలు స్పష్టంగా లేని కార్డు మీద "పెద్ద ఎలుక" అని మాత్రమే రాయాలన్నది మా నియమం.

బల్లి తోక ఈడ్చిన గీత, పురుగుల కాళ్ల చుక్కలు కూడా పడతాయి. చిన్నా పెద్దా ముద్రలు రెండూ పడే చోట ఇంకో చిక్కు: పెద్ద ఎలుకలు దట్టంగా తిరిగే చోట చిట్టెలుకలు వాటికి జడిసి తప్పుకుంటాయి. పెద్ద ఎలుకలు తగ్గాక చిట్టెలుక ముద్రలు పెరిగితే అవి కొత్తగా వచ్చాయనుకోవడానికి వీల్లేదు.

ఇక లెక్క. 20 టన్నెళ్లలో 10కి ముద్ర పడితే 50 శాతం, 18కి పడితే 90 శాతం. చూడ్డానికి రెట్టింపు కూడా కాదు. కానీ ఒక టన్నెల్‌లోకి ఒక జంతువు వచ్చినా ఐదు వచ్చినా దాన్ని ఒకటిగానే లెక్కిస్తాం గనక శాతం పైకి పోయేకొద్దీ బిగుసుకుపోతుంది. సరిదిద్దడానికి ముద్రపడని భాగపు సహజ లాగరిథం తీసుకుని గుర్తు మార్చాలి. ముద్రపడనిది 0.5 అయితే 0.69, అదే 0.1 అయితే 2.30. అంటే రాకపోకల తేడా 3.3 రెట్లు. అన్ని టన్నెళ్లకూ ముద్ర పడితే ఈ లెక్క చెల్లదు. అప్పుడు రాత్రంతా కాకుండా కొన్ని గంటలే ఎర ఉంచి మళ్లీ చూడాలి. ఇంకో మాట: 20లో 10 అంటే 95 శాతం నమ్మక హద్దులు (అసలు శాతం ఉండగల మేర) 27 నుంచి 73 దాకా పోతాయి. ఒకే వరుసలోని టన్నెళ్లు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు కాబట్టి అసలు హద్దులు ఇంకా వెడల్పే. టన్నెళ్లు పెంచడం కన్నా వరుసలు పెంచడం మేలు.

ఐదో విడత: మైనం దిమ్మెలు

పారఫిన్ మైనాన్ని నీటి గిన్నెలో పెట్టి కరిగించి, పదో వంతు వేరుశనగ ముద్ద కలిపి, మూడు సెం.మీ. మందపు దిమ్మెలు పోశాం. నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. 60 డిగ్రీలకు కరిగే రకం కావాలి, తక్కువ రకం ఎండకు మెత్తబడి గాట్లు పూడిపోతాయి.

కొరికేటప్పుడు పై పళ్లు ఒకచోట నాటుకుంటాయి, కింది పళ్లు గీరుతాయి. కొలవాల్సింది పై పళ్ల పొట్టి గాటునే. ఎలుకలో కింది దవడ రెండు సగాలూ ముందు గట్టిగా అతుక్కుని ఉండవు, కింది పళ్లు కొద్దిగా ఎడం కాగలవు, ఆ పొడుగు గీతల వెడల్పు మారుతూ ఉంటుంది. జత వెడల్పు ఒకటి రెండు మి.మీ. అయితే చిట్టెలుక, మూడు నాలుగు అయితే పెద్ద ఎలుక. అంతకు మించి ఈ పరికరం చెప్పదు.

ఆరో విడత: కెమెరా పెట్టె

ట్రెయిల్ కెమెరాలు (కదలిక పడితే వాటంతటవే బొమ్మ తీసేవి) రెండు మీటర్ల అవతలే స్పష్టంగా చూస్తాయి. మాకు 33 సెం.మీ. దూరం కావాలి. రెండు మీటర్లంటే 0.5 డయాప్టర్ (గాజు శక్తికి కొలమానం), 33 సెం.మీ. అంటే 3. తేడా 2.5. చదువుకునే కళ్లద్దాల +2.50 గాజు సరిగ్గా ఇదే. దాన్ని లెన్స్ ముందు టేపుతో బిగించాం.

ఆ గాజు లెన్స్‌నే కప్పాలి, కదలికను పట్టే పీఐఆర్ సెన్సార్‌ను కప్పకూడదు. శరీర వేడి నుంచి వచ్చే దీర్ఘ పరారుణ కిరణాలను గాజూ, యాక్రిలిక్కూ రెండూ ఆపేస్తాయి. కెమెరా ముందు వాన రాకుండా గాజు పలక పెడితే అది రాత్రంతా ఒక్క బొమ్మా తీయదు, బ్యాటరీ మాత్రం బాగానే ఉంటుంది. సెన్సార్ చూసేది చుట్టూ ఉన్న వేడికీ జంతువు వేడికీ తేడానే కాబట్టి మండే మధ్యాహ్నం ఉడుతల లెక్కను నమ్మకూడదు.

పెట్టె కొలతలు: లెన్స్ నుంచి వెనక గోడకు 37 సెం.మీ., గోడ ముందు 8 సెం.మీ. దారి, దారికి ఇటువైపు అడుగున 3 సెం.మీ. గట్టు. లోపలంతా మెరుపులేని బూడిద రంగు. తెల్ల గోడ పరారుణ దీపాలకు తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది. ఇంత దగ్గర్లో దీపాల మీద తెల్ల మాస్కింగ్ టేపు రెండు పొరలు వేస్తేనే బొచ్చు కనబడుతుంది. దీపాలు 940 నానోమీటర్ల రకం. 850 రకంలో మసక ఎర్ర మెరుపు ఉంటుంది. చిట్టెలుక కంట్లో రంగు కణాలు రెండు రకాలే, ఒకటి అతినీలలోహితానికి, ఒకటి పచ్చకి. ఎరుపు దానికి సరిగా ఆనదు. అయినా అనుమానం మిగల్చడం ఎందుకని 940 తీసుకున్నాం.

కొలబద్దను వెనక గోడ మీద గీయకూడదు. దారి ముందు అంచున, అంటే 29 సెం.మీ. దగ్గర నడిచే ఎలుక గోడ కొలతకన్నా 28 శాతం పెద్దదిగా తేలుతుంది (37ను 29తో భాగిస్తే 1.28). దారి మధ్యగీత మీద, నేలపైన సెంటీమీటర్ల పట్టీ అంటించాం.

కెమెరా చూపు కోణం 40 డిగ్రీలైతే 33 సెం.మీ. దగ్గర కనబడేది 24 సెం.మీ. మేర. సెకనుకు మీటరు వేగంతో పోయే చిట్టెలుక దాన్ని పావు సెకనులో దాటేస్తుంది, కెమెరా మేలుకునేలోపు తోక కూడా మిగలదు. దారి నడుమ, చిల్లులు పెట్టిన మూతబిగించిన డబ్బాలో ఎర పెట్టాం. వాసన వస్తుంది, తిండి అందదు, జంతువు ఆగుతుంది. అమరిక పది సెకన్ల వీడియో. అరగంట లోపు వచ్చిన ఒకే జాతి వీడియోలన్నీ ఒక రాకగానే లెక్క.

ఈ పెట్టెలో చూడదగ్గవి రెండు భంగిమలు. పెద్ద ఎలుక మొదటిసారి వచ్చినప్పుడు వెనక కాళ్లు కదపకుండా ఒళ్లు సాగదీసి, పొట్ట నేలకానించి ముక్కు మాత్రం ముందుకు పెడుతుంది, తర్వాత చటుక్కున వెనక్కి ముడుచుకుంటుంది. అది ప్రమాదం అంచనా వేసుకునే తీరు. ఈ సాగుడు వీడియోలు తగ్గి తిన్నగా నడిచి వచ్చేవి పెరిగాయంటే పెట్టె అలవాటైనట్టు. లెక్క అప్పట్నుంచే మొదలుపెట్టాలి, క్యాలెండర్ చూసి కాదు. రెండోది ఒళ్లు దువ్వుకోవడం. ముందరి పాదాలతో ముక్కు చుట్టూ చకచకా చిన్న గుండ్రాలు, తర్వాత కళ్లూ చెవుల మీదుగా పెద్ద తుడుపులు, ఆపైన తల తిప్పి డొక్కలు నాకడం. తలనుంచి తోక వైపుకే ఈ వరుస నడుస్తుంది. ఉలిక్కిపడ్డ ఎలుక దాన్ని మధ్యలో తెంచేస్తుంది.

ఏడో విడత: గుడ్లగూబ ఉండలు

బార్న్ గుడ్లగూబ ఎరను మింగి, బొచ్చూ ఎముకలూ ఉండగా కక్కుతుంది. గద్దల కడుపులో ఎముకలు ఎక్కువగా కరిగిపోతాయి, గుడ్లగూబ ఉండలో పుర్రెలు దాదాపు చెక్కుచెదరవు. గూటి దగ్గరికి పోకుండా, పక్షి కూర్చునే చోటి కింద రాలినవే ఏరాలి.

ఉండల్లో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. అల్యూమినియం రేకులో చుట్టి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాకే విప్పాం. ఫ్రీజర్‌లో పెడితే పురుగులు పోతాయి గానీ బాక్టీరియా పోదు. తర్వాత గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బుద్రవం వేసి నానబెట్టి, పట్టకారుతో బొచ్చు విడదీసి, ఒక మి.మీ. జల్లెడలో కడిగాం. జల్లెడ లేకుండా నీళ్లు పారబోస్తే ఊడిన దవడ పళ్లు కొట్టుకుపోతాయి, గుర్తింపు వాటితోనే ఉంది.

చూసే వరుస ఇది. చెంప ఎముక వంపు లేకపోతే, కొరుకుడు పళ్ల వెనకే సూదిపళ్ల వరుస ఉంటే చుంచెలుక. దాన్ని వేరే డబ్బాలో వేయాలి. దవడ పళ్ల పైభాగం త్రికోణాల వంకర గీతలా ఉంటే వోల్ (పొట్టి తోక ఎలుక). మూడేసి గుబ్బల వరుసలుంటే ఎలుక, చిట్టెలుకల కుటుంబం. అందులో మొదటి పై దవడ పన్ను మిగతా రెంటి పొడవూ కలిపినదానికన్నా పెద్దదిగా ఉండి, పై కొరుకుడు పన్నును పక్కనుంచి చూస్తే లోపలి అంచున చిన్న నొక్కు కనిపిస్తే ఇంటి చిట్టెలుక. పై కొరుకుడు పళ్ల ముందు నిలువు గాడి ఉంటే జెర్బిల్ (ఎడారి ఎలుకల) వర్గం వైపు చూడాలి. పళ్లు ఊడిపోయిన పుర్రెలో కంటిగుంట ముందరి రంధ్రం పనికొస్తుంది: ఉడుతలో చిన్నది, ముళ్లపంది, గినీ పందిలో చాలా పెద్దది, ఎలుకలో పైన వెడల్పై కింద సన్నబడే తాళంచెవి రంధ్రం ఆకారం. దవడ కండరం ఎటునుంచి పోతుందన్నదాన్ని బట్టి ఈ తేడా వచ్చింది.

సంఖ్యకు ఎడమ కింది దవడలు, కుడి కింది దవడలు విడివిడిగా లెక్కపెట్టి, ఏది ఎక్కువైతే అదే తీసుకోవాలి. పుర్రెల్నీ దవడల్నీ కలిపి కూడితే ఒకే జంతువు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎదిగిన పెద్ద ఎలుకలు ఇందులో తక్కువగా దొరుకుతాయి, గుడ్లగూబకు అవి బరువైన ఎర. కాబట్టి ఉండలు జాతుల జాబితాకే, పోకడకు టన్నెళ్లే.

పెట్టెల్లో, టన్నెళ్లలో పడ్డ ఎలుక పెంటికలను ఎప్పుడూ పొడిగా ఊడ్వకూడదు. ఆ దుమ్ముతో హంటా వైరస్ పీల్చే ప్రమాదం ఉంది, మూత్రంలో లెప్టోస్పైరా బాక్టీరియా ఉండొచ్చు. గ్లవ్స్ వేసుకుని, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి తుడిచేయాలి.

ప్రస్తుతం నడుస్తున్నది: శబ్దం

పెద్ద ఎలుకల హెచ్చరిక కూత 22 కిలోహెర్ట్జ్ దగ్గర, సాగుతూ ఉంటుంది. ఆటలో, తోడు దొరికినప్పుడు వేసే పొట్టి కూతలు 50 దగ్గర. చిట్టెలుకలవి 50 నుంచి 100 దాకా. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. 100 కిలోహెర్ట్జ్ పట్టాలంటే శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తామన్నది) అందుకు రెట్టింపు దాటాలి కాబట్టి 250 కిలోహెర్ట్జ్ పెట్టాం. 16 బిట్ రికార్డింగ్‌లో ఇది సెకనుకు అర మెగాబైట్, గంటకు 1.8 గిగాబైట్లు. రాత్రంతా తీస్తే కార్డు నిండిపోతుంది. కెమెరా రాకల వేళలు చూసి, రద్దీ ఎక్కువున్న గంటల్లో మాత్రమే, నిమిషం రికార్డు, నాలుగు నిమిషాల విరామం అమర్చాం.

ఇంత ఎత్తు శబ్దం గాలిలో తొందరగా సన్నగిల్లుతుంది, మైకు పెట్టె నోటికి మీటరు లోపే ఉండాలి. ఇదే శబ్ద స్థాయుల మేరలో గబ్బిలాలూ, కొన్ని మిడతలూ కూస్తాయి. గబ్బిలం కూతలు సమాన విరామాలతో వరుసగా, పైనుంచి కిందికి వాలుతూ వస్తాయి. చిట్టెలుక కూతలు ఎగుడుదిగుడుగా, మధ్యలో స్థాయి తెగి దూకుతూ ఉంటాయి. వినడానికి పది రెట్లు నెమ్మది చేస్తే 50 కిలోహెర్ట్జ్ కూత 5కు దిగుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో (శబ్దాన్ని బొమ్మగా చూపే పటంలో) అనుమానం తీరని ప్రతి కూతనూ అదే నిమిషపు వీడియోతో సరిచూస్తున్నాం. వీడియోలో జంతువు లేని కూతలకు ప్రస్తుతానికి జాతి పేరు రాయడం లేదు.